ఎడమకు ఒరిగిన గొంతు

తెనాలి చుట్టుపక్కల నాతో మాట్లాడనివాళ్ల పేర్లు రాయాలంటే నోటుపుస్తకం చాలదని చెప్పుకుంటుంటాను. అది గొప్పకోసం. నిజానికి పదకొండుమంది. అందులో ఇద్దరు పోయారు. మిగిలిన తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది విషయంలో తప్పు వాళ్లదే. ఆఖరివాడు రేపల్లెలో ఉంటాడు, రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేస్తాడు. అతని విషయంలో తప్పు నాది. ఈ ముక్క రాయడానికి నాకు ఏడాది పట్టింది, ఇప్పుడు కూడా ఇష్టంగా రాయడం లేదు.

నేను బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. హేతువాదిని. ముహూర్తం చూసి గృహప్రవేశం చేసిన ఇంటికి భోజనానికి వెళ్లలేదు. వెళ్లాను, కాని తిడుతూ తిన్నాను. వాస్తు పేరుతో గుమ్మాలు పగలగొట్టించుకునే వాళ్లమీద ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఊరంతా పంచాను. మా పద్యనాటక మిత్రులకు ఫోనులో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో రోజూ పొద్దున్నే ఒక మూఢనమ్మకాన్ని ఉతికి ఆరేసేవాణ్ణి. వేలమంది చదువుతారని చెప్పేవాణ్ణి. ఉన్నది నూట నలభైమంది. వాళ్లలో చాలామంది చదవకుండానే దండం బొమ్మ పెట్టేవాళ్లు.

నాకున్న ఒకే బలహీనత పద్యం. స్టేజీ పద్యాల పాత రికార్డులు నా దగ్గర రెండువేలు ఉన్నాయని ఊళ్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే. నూట ముప్పై ఉన్నాయి, పాతిక అరిగిపోయాయి. అన్నీ మోనోలో ఎక్కించినవి. ఒకే మైకు, దాని ముందు నటుడు, పక్కన హార్మోనియం, అంతే సరంజామా. ఇప్పటి సెట్లకు రెండు స్పీకరు పెట్టెలుంటాయి. మోనో రికార్డు వేస్తే రెండింటిలోంచీ ఒకే శబ్దం ఒకే మోతాదులో వస్తుంది. రెండింటికీ సమదూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే పాడేవాడు ఎడమ పెట్టెలోనూ ఉండడు, కుడి పెట్టెలోనూ ఉండడు. రెండింటి నడుమ, ఖాళీ గోడ ముందు నిలబడి మనకేసి చూస్తూ పాడతాడు. పెట్టెలున్నాయన్న సంగతే మరిచిపోతాం. చచ్చిపోయి యాభై ఏళ్లయిన మనిషి మన హాల్లో నిలబడి రాగం సాగదీస్తాడు. దెయ్యాలను నమ్మనివాడికి అంతకన్నా ఏం కావాలి?

నా పాత సెట్టు పాడైపోతే రేపల్లె మెకానిక్కు ఒకటి తయారుచేసి ఇచ్చాడు. తెనాలినుంచి వెళ్లే రైలు రేపల్లెలో ఆగిపోతుంది, అక్కణ్ణించి పట్టాలు లేవు. స్టేషనుకు కొంచెం దూరంలో అతని కొట్టు. యాభై దాటినవాడు, చర్చిలో మైకుసెట్టు కూడా అతనిదే. మాట మెత్తన, పని గట్టి. ఈ రెండో సంగతి నేను చాలాకాలం ఒప్పుకోలేదు. పాత రికార్డు ప్లేయరు ఒకటి సంపాదించి, కొత్త సూది పెట్టి, ఆంప్లిఫయర్ తానే కట్టి, రెండు పెట్టెలతో సహా మా ఇంటికి తెచ్చి బిగించాడు. హాల్లో పడమటి గోడకు అటొకటి ఇటొకటి స్టూళ్లమీద పెట్టి, టేపుతో దూరాలు కొలిచి, నా కుర్చీ కాళ్లు ఎక్కడుండాలో నేలమీద సుద్దతో గీతలు గీశాడు.

"ఈ గీతలు దాటకండి మాస్టారూ. దాటితే పాడేవాడు కూడా జరుగుతాడు" అన్నాడు.

"భౌతికశాస్త్రం నాకు చెప్తున్నావా?" అన్నాను.

"లేదండి. కుర్చీకి చెప్తున్నా."

ఆ సమాధానం నాకు నచ్చలేదు. పద్యం మాత్రం నట్టనడుమ నిలబడింది.

వెళ్లేముందు గుమ్మంలో ఆగి అసలు మాట అడిగాడు. బాపట్లలో ఉండే మా బావ, అంటే మా అక్క భర్త, కుర్రవయసునుంచీ పెద్ద స్పూలు టేపు మిషను భుజాన వేసుకుని చుట్టుపక్కల నాటకాలన్నీ ఎక్కించాడు. ఆ టేపులు రెండు ట్రంకుపెట్టెలనిండా ఉన్నాయి. అవి బూజుపట్టి పోకముందే కంప్యూటర్లోకి ఎక్కించాలని మా మిత్రులు తీర్మానించారు. ఆ పని ఎవరికివ్వాలో తేలలేదు.

"నా దగ్గర స్పూలు మిషను ఉందండి మాస్టారూ. దాన్ని ఇన్నేళ్లూ తుడిచి, నూనె వేసి, నడిచే స్థితిలో పెట్టుకున్నాను. ఇప్పుడు కొట్టుకి వచ్చేవన్నీ ఫోను చార్జర్లేనండి. చేతికి తెలిసిన పని ఒకటి చేసి కొట్టు కట్టేయాలని ఉంది. మీ బావగారికి ఒక మాట చెప్పండి."

చెప్పాను. బావ సరేనన్నాడు. ఆ ట్రంకుపెట్టెలు రేపల్లె వెళ్లడమే తరువాయి.

మూడు నెలల తర్వాత గొంతు ఎడమకు ఒరిగింది. ఉన్నట్టుండి ఒక మధ్యాహ్నం పాడేవాడు గోడ నడుమనుంచి కదిలి ఎడమ మూలలోకి వెళ్లి అక్కడే గొంతు మోటుగా చేసుకుని కూర్చున్నాడు. హార్మోనియం కూడా వెంట వెళ్లింది. కుడివైపు ఎవరూ లేరు. వెంటనే రేపల్లెకు ఫోను చేశాను.

"ఏమయ్యా, నీ సెట్టు పక్కకి లాగుతోంది."

"ఏ పక్కకండీ?"

"ఎడమకి. పాడేవాడు పోయి బీరువాలో దూరాడు."

"బీరువా ఏంటండీ? ఆ మూల బీరువా లేదు కదా."

"మాటవరసకన్నాను. ముందు నీ సెట్టు సంగతి చూడు."

"మీరొక్కటి చెయ్యండి మాస్టారూ. రెండు పెట్టెల వైర్లూ ఆంప్లిఫయర్ దగ్గర అటూ ఇటూ మార్చి పెట్టండి. గొంతు కుడివైపుకి వెళ్లిందంటే తప్పు నా సెట్టుదండి. మార్చినా ఎడమనే ఉంటే సెట్టుది కాదు, పెట్టెదో గదిదో అన్నమాట."

"నీ పని నాకు చెప్తావా? నువ్వొచ్చి చూసుకో."

ఫోను పెట్టేసి వైర్లు మార్చి చూశాను. ఏం జరిగిందో తర్వాత చెప్తాను.

రెండోరోజు పొద్దుటి రైలుకి వచ్చాడు. మొదట పద్యం వేశాడు. గొంతు నట్టనడుమ! అతను నాకేసి చూశాడు. నేను గోడకేసి చూశాను. ఆంప్లిఫయర్‌మీద మోనో బటను ఒకటి ఉంటుంది, అది నొక్కితే సూదినుంచి వచ్చే రెండు పాయలూ ఒకటైపోతాయి. అది నొక్కి విన్నాడు, తీసి విన్నాడు, తేడా లేదు. కాబట్టి సూది తప్పు కాదన్నాడు. రెండు పక్కల మోతాదు సరిచూసే నాబ్‌లో మందు చుక్కలు వేసి తిప్పాడు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లాడు. ఆ సాయంత్రానికి గొంతు మళ్లీ ఎడమ మూలలో.

ఈసారి ఫోనులో గట్టిగానే మాట్లాడాను. నిప్పులు కురిపించానని మిత్రులకు చెప్పాను కాని, అన్నది ఇంతే: "పాత సామాను అంటగట్టి చేతులు దులుపుకుంటావా?"

మళ్లీ వచ్చాడు. ఈసారి సంచీనిండా సామాను. సూది బరువు చిన్న తక్కెడలో తూచాడు. సూది గాడికి ఒక పక్కన ఒరుసుకుంటోందేమోనని కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. వైర్లు అటూ ఇటూ మార్చాడు. ఎర్రవైరూ నల్లవైరూ ఒక పెట్టెకు తిరగబడ్డాయేమో చూశాడు. అలా తిరగబడితే గొంతు నడుమ నిలవదట, గదంతా పల్చగా పరుచుకుంటుందట. అన్నీ సరిగ్గా ఉన్నాయి. గొంతు నడుమే ఉంది.

"నడుమే ఉంది కదండీ మాస్టారూ?"

"ఇప్పుడుంది."

"నేనుండగా కనపడని జబ్బుకి మందెలా వెయ్యనండి?"

"నిన్ను చూసి భయపడుతోందేమో."

అతను సామాను సర్దుకుంటూ ఎడమ మూలలో పాత దుప్పటి కప్పి ఉన్న రాతి రుబ్బురోలుకేసి ఒకసారి చూశాడు. ఏమీ అడగలేదు. ఆ చూపు నాకు పట్టుకుంది. అతను గేటు దాటగానే ఫోను తీసి మా గ్రూపులో పెట్టాను: "రేపల్లె మెకానిక్కుతో జాగ్రత్త. రెండుసార్లు వచ్చాడు, తాను ఉన్నంతసేపే పనిచేసేలా ఏదో చేసి పోతున్నాడు. అమూల్యమైన మన టేపులు ఇలాంటి చేతుల్లో పెట్టేముందు ఆలోచించండి." దండం బొమ్మలు వరసగా వచ్చాయి. ఈసారి చదివే పెట్టారు.

ఇక ఇప్పుడు ఎడమ మూల సంగతి.

ఆ సంవత్సరం వానల్లో నేను వీధిమెట్లమీద జారి తుంటి బెణికించుకున్నాను. రెండురోజుల తర్వాత పక్కింటికి చేబ్రోలు వైపునుంచి ఒక వాస్తు మనిషి వచ్చాడు. పోతూ పోతూ మా గేటులోంచి తొంగిచూసి, "ఈ ఇంటికి నైరుతి మూల బోసిగా ఉందండి. యజమానికి పడడం ఉంటుంది" అన్నాడు. నేను కర్ర పుచ్చుకుని వీధిలోకి వెళ్లి తరిమి తరిమి కొట్టానని గ్రూపులో రాశాను. కొట్టలేదు. తిట్టాను. అతను మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడ నిద్రపోతుంటే బడినుంచి తెచ్చుకున్న దిక్సూచి బయటికి తీశాను. ఆ సూది ఎన్ని వందలమంది పిల్లలకు చూపించి అయస్కాంతం పాఠం చెప్పానో! దానితో మా హాల్లో నైరుతి ఎటో కొలిచాను. ఎడమ పెట్టె ఉన్న వైపే. నైరుతిలో బరువుండాలి, వాయవ్యం తేలిగ్గా ఉండాలి అని నేను ఎగతాళి చేస్తూ అచ్చువేసిన పుస్తకంలోనే ఉంది. పెరట్లోని రుబ్బురోలు దొర్లించుకుంటూ తెచ్చి ఆ మూల పెట్టాను. పక్కగదిలోని ఇనప బీరువా అంగుళం అంగుళం జరిపి దాని పక్కకి చేర్చాను. ఎడమ పెట్టెను రోలుమీదికెక్కించి మూలలోకి నెట్టాను. కుడి పెట్టె వాయవ్యంలో బరువవుతుందని అక్కణ్ణించి లాగి, తలుపు పక్కన తెర చాటున పేము బుట్టమీద పెట్టాను. ఒంటిచేత్తో, బెణికిన తుంటితో! బీరువా దగ్గర మాత్రం మా ఆవిడ లేచి వచ్చి ఒక చెయ్యి వేసింది.

"ఏంటండీ ఈ సర్దుడు?"

"ఊడవడానికి వీలుగా."

"ఎప్పుడైనా ఊడిచారా మీరు?"

ఏ పెట్టెనైనా గోడలు కలిసే మూలలో దూరిస్తే దాని గొంతు లావై రెట్టిస్తుంది. తెర చాటున, తెరిచిన తలుపు పక్కన పెట్టిన పెట్టె గొంతు గుడ్డలోకీ వీధిలోకీ పోతుంది. ఈ పాఠం నేనే చెప్పి పరీక్షలో అడిగేవాణ్ణి. మెకానిక్కు చెప్పినట్టు వైర్లు మార్చి చూసినప్పుడు గొంతు ఎడమనుంచి కదల్లేదు. అంటే తప్పు సెట్టుది కాదని మొదటిరోజే నాకు తెలుసు.

అతను వస్తున్నాడంటే ఆ పొద్దున్నే బీరువా మా ఆవిడ చేత పట్టించి పక్కగదిలోకి నెట్టి, రోలుమీద దుప్పటి కప్పి, పెట్టెలు రెండూ స్టూళ్లమీద పెట్టేవాణ్ణి. అతను సంచీ ఎత్తుకుని స్టేషనుకి వెళ్లగానే మళ్లీ బరువంతా నైరుతికి. మరి సరిగ్గా పెట్టి ఉంచేసుకోవచ్చు కదా అంటారు. పడతానని భయం. ఈ వయసులో పడితే లేవడం ఉండదు. పోనీ నోరు మూసుకుని ఎడమనుంచి వినొచ్చు కదా అంటారు. వినలేను. నాకు రెండూ కావాలి. ఆ రెండూ కుదరకపోతే తప్పు ఎవరిదో ఒకరిది అవాలి.

గ్రూపులో ముక్క పెట్టిన వారానికి బావ ఫోను చేశాడు. బావకి ఎనభై దాటాయి. హార్మోనియం వాయించినవాడు, చెవి పదును. మా ఇద్దరికీ మా అక్క పెళ్లినాటినుంచి పడదు. కలిసినప్పుడల్లా పోట్లాడుకుంటాం, పోట్లాడుకోవడానికే కలుస్తాం.

"ఏరా, ఆ రేపల్లె అతను నా దగ్గరికొచ్చాడు. తప్పు తనదైతే టేపులు ముట్టుకోనన్నాడు. గుంటూరు స్టూడియోవాళ్లు కూడా అడుగుతున్నారు, ఈ వారంలో తేల్చాలి. ఆదివారం నీ సెట్టు పట్టుకుని బాపట్ల రా. నా హాల్లో వేద్దాం. ఎడమకి లాగితే ట్రంకుపెట్టెలు గుంటూరు పోతాయి. నడుమ నిలిస్తే రేపల్లె పోతాయి."

"సెట్టు మోసుకురావడం నావల్ల కాదు బావా. తుంటి."

"కారులో రా. తుంటి కారు తోలదుగా."

వెళ్లకపోతే అనుమానం. ఆదివారం మెకానిక్కుకి చర్చి ఉందని మధ్యాహ్నం పెట్టుకున్నారు. కారులో వెనక సీటునిండా పెట్టెలు, ముందు డ్రైవరు పక్కన నేను. దారిపొడుగునా ఒక్కటే లెక్క వేసుకుంటున్నాను: బాపట్లలో గొంతు నడుమే ఉంటుంది. అప్పుడు నేనేం చెప్పాలి?

బావ హాల్లో మెకానిక్కు పెట్టెలు పెట్టి, టేపుతో కొలిచి, కుర్చీ వేశాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మా అక్క మజ్జిగ తెచ్చింది. పద్యం మొదలైంది. గొంతు నట్టనడుమ, మైనపు బొమ్మలా కదలకుండా.

"ఏరా, ఇప్పుడేమంటావ్?" అన్నాడు బావ.

దారిలో కట్టుకొచ్చిన అబద్ధం బయటికి తీశాను. తల కాస్త వంచి, మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "నాకు ఇప్పుడు కూడా ఎడమనుంచే వినపడుతోంది బావా" అన్నాను. గొంతు కొంచెం వణికించాను కూడా.

మా అక్క, "అయ్యో, కుడిచెవి పోయిందా నీకు" అంది. బావ ముఖంలో జాలి చూడడం నాకదే మొదటిసారి. భరించలేనంత అసహ్యంగా ఉంది కాని పని జరిగిపోయింది అనుకున్నాను. మెకానిక్కు తప్పు లేదు, నా తప్పూ లేదు, ముసలితనానిది తప్పు. టేపులు రేపల్లె వెళ్తాయి, నైరుతి నా హాల్లోనే ఉంటుంది.

మెకానిక్కు ఒప్పుకోలేదు.

"మాస్టారూ, చెవి పోతే ఎక్కడైనా పోయినట్టే ఉండాలి కదండీ. మీ ఇంటికి నేను రెండోసారి వచ్చినప్పుడు నడుమ ఉందని మీరే అన్నారు."

"మొహమాటానికి అన్నాను."

"మీరా?" అన్నాడు బావ.

"పోనీలే బాబూ, పెద్దాయన ఒప్పుకున్నాడుగా. టేపులు తీసుకెళ్లు" అంది మా అక్క.

"అట్లా కాదండి అమ్మగారూ. రేపు ఊళ్లో ఏమంటారు? సెట్టు బాగుచెయ్యడం రాక ముసలాయన చెవిమీద పెట్టాడంటారు. తప్పు ఎక్కడుందో తెలియకుండా నేను ఈ పని ముట్టుకోను."

కుర్చీ వెనక్కి తిప్పి, పెట్టెలకు వీపు పెట్టి కూర్చోమన్నాడు. నాకీ పరీక్ష తెలుసు. కుడిచెవి నిజంగా పోయినవాడికి వెనక్కి తిరిగినా తన ఎడమచేతి వైపే వినపడుతుంది. గొంతు నడుమనుంచే వస్తున్నా సరే, ఠీవిగా ఎడమచెయ్యి చూపాను. భౌతికశాస్త్రం చెప్పినవాడితో పరిహాసాలా!

"లెక్క కరెక్టుగా చెప్పారండి" అన్నాడు. మళ్లీ కుర్చీ ముందుకి తిప్పాడు. "ఇప్పుడు లెక్క వద్దండి. కళ్లు మూసుకుని పద్యం వినండి. గొంతు ఎటుంటే అటు వేలు చూపుతూ ఉండండి."

కళ్లు మూసుకున్నాను. వేలు ఎడమకి చాపి గట్టిగా పట్టుకున్నాను. పద్యం సగం దాకా అలాగే ఉంచాను. ఆ తర్వాత రాగం వచ్చింది. పద్యం చివరి మాటమీద ఆగి, హార్మోనియం అందుకునేదాకా ఊరుకుని, మళ్లీ అందుకుని, పైకి పైకి సాగదీసి, ఇక ఊపిరి లేదనుకున్నచోట ఇంకొక మెలిక తిప్పాడు చూడండి, నాకు ఒళ్లు తెలియలేదు. చిన్నప్పుడు స్టేజీ ముందు చాపమీద కూర్చుని అరిచినట్టు, "వన్స్‌మోర్!" అని అరిచాను.

కళ్లు తెరిచేసరికి నా వేలు కుడి పెట్టెను చూపిస్తోంది. మోతాదు నాబ్‌మీద బావ చెయ్యి ఉంది. దాన్ని నెమ్మదిగా ఎడమనుంచి కుడిదాకా తిప్పుకుంటూ పోయాడట. నా వేలు గొంతు వెంట గోడ పొడుగునా నడిచిందట.

"రెండు చెవులూ పాము చెవులురా నీవి" అన్నాడు బావ.

మెకానిక్కు కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు చెప్పండి మాస్టారూ. ఆ రోలు ఏంటండీ?"

మొదట శబ్దశాస్త్ర ప్రయోగమన్నాను. బరువైన రాతిమీద పెట్టె పెడితే నాదం శుద్ధి అవుతుందని ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివానన్నాను. పుస్తకం పేరు అడిగాడు బావ. ఆ తర్వాత బీరువా సంగతి చెప్పాను. తర్వాత దిక్సూచి. తర్వాత, ఇక దాచడానికేమీ మిగలక, నైరుతి అన్న మాట అన్నాను.

బావ నవ్వలేదు. అదే దెబ్బ. నవ్వుతాడనుకుని తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. అతను మెకానిక్కుకేసి తిరిగి, "టేపులు నీవయ్యా. ఇప్పుడే తీసుకెళ్లు" అన్నాడు.

"తీసుకెళ్లనండి. మాస్టారు గ్రూపులో రాసింది నూట నలభైమంది చదివారు. ఆయనే మళ్లీ రాయాలి. అప్పుడొచ్చి తీసుకెళ్తాను."

"సెట్టులో లోపం సరిచేయబడిందని రాస్తాను" అన్నాను.

"సరిచేశానంటే లోపం ఉన్నట్టే కదండీ. లేదని రాయండి. ఏం జరిగిందో అది రాయండి."

"నన్ను నడివీధిలో నిలబెడతావా?"

"మీరు నన్నెక్కడ నిలబెట్టారండీ?"

గొంతు పెంచకుండా అన్నాడు. తిరిగి కారెక్కాక ఫోను తీశాను. మొదటిసారి రాసింది బ్రహ్మాండంగా వచ్చింది, అందులో నేను సత్యం కోసం నన్ను నేనే పరీక్షించుకున్న శాస్త్రజ్ఞుణ్ణి. పొన్నూరు దాటేదాకా దాన్ని చదువుకుని మురిసిపోయి చెరిపేశాను. రెండోది కొంచెం చిన్నది. అందులో తప్పు వాస్తు మనిషిది. అదీ చెరిపాను. తెనాలి పొలిమేరలోకి వచ్చేసరికి నాలుగు వాక్యాలు మిగిలాయి: "రేపల్లె మెకానిక్కు సెట్టులో ఏ లోపమూ లేదు. నేను పడతానన్న భయంతో వాస్తు చూసుకుని స్పీకర్లు మార్చాను, అందుకే గొంతు ఎడమకు పోయింది. అతను వచ్చినప్పుడల్లా తిరిగి సరిగ్గా పెట్టి అతన్ని మోసం చేశాను. ఇది మొదటిరోజే నాకు తెలుసు." పంపేశాను.

గ్రూపులో పండగ చేసుకున్నారు. నా చిన్న పుస్తకం అట్టబొమ్మ ఎవరో వెతికి తీసి దానిమీద రుబ్బురోలు బొమ్మ అంటించి పెట్టారు. మా ఆవిడ అదంతా చదివి, "నా పూజగది ఈశాన్యంలోకి మారుద్దామంటే ముప్పై ఏళ్లు నవ్వారు" అంది. ఆ రోజు కూర ఉప్పు లేకుండా వండింది, కావాలనే.

తర్వాతి వారం మెకానిక్కు బాపట్ల వెళ్లి ట్రంకుపెట్టెలు తెచ్చుకుంటున్నాడని బావ చెప్పాడు. తెనాలిలో రైలు మారాలి. ఎవరూ పిలవలేదు, అయినా స్టేషనుకి వెళ్లాను. బాపట్లనుంచి వచ్చిన బండిలోంచి రెండు పెట్టెలూ దించుకుని ఒక్కడే నిలబడ్డాడు. రేపల్లె బండి ఇంకో ప్లాట్‌ఫారంమీద ఉంది. నేను ఒక పెట్టె పిడి పట్టుకున్నాను.

"వదలండి మాస్టారూ."

"బరువయ్యా. తలో చెయ్యీ వేద్దాం."

"మీకు తుంటి. పడతారు."

అందులో ఎగతాళి ఉందో లేదో ముఖం చూసినా తెలియలేదు. కూలీని పిలిచి ఒకటి ఎత్తించాడు, ఒకటి తాను ఎత్తుకున్నాడు. నేను వెనకాలే వంతెన ఎక్కి దిగాను. బండిలో సీట్ల కింద పెట్టెలు నెట్టి, తాడుతో సీటు కాలికి కట్టి, కిటికీ పక్కన కూర్చున్నాడు.

"టేపులు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఒకసారి వచ్చి వింటాను" అన్నాను కిటికీ దగ్గర నిలబడి.

"రావద్దండి. అయిపోయినవి గ్రూపులో పెడతాను. అందరితోపాటు వినండి."

బండి కదిలింది. అతను తాడు ముడి సరిచూసుకుంటున్నాడు.

నెల దాటాక మొదటి టేపు గ్రూపులోకి వచ్చింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. వెనక దోమల రొదలాంటి చప్పుడు, జనం దగ్గులు, హార్మోనియం సర్దుకోవడం. తర్వాత గొంతు, రెండు చెవులకూ సరిగ్గా నడుమ. తప్పు పట్టాలని మూడుసార్లు విన్నాను. దొరకలేదు. "బ్రహ్మాండం" అని రాసి, అది ఎక్కువైందేమోనని చెరిపి, "బాగుంది" అని పెట్టాను. మెచ్చుకున్న ప్రతివాడి మాట కిందా అతను దండం బొమ్మ పెట్టాడు, బావ మాట కింద రెండు పెట్టాడు. నా మాట కింద ఏమీ పెట్టలేదు. ఇప్పటికి పదహారు టేపులు వచ్చాయి. పదహారింటికీ "బాగుంది" అని రాశాను.